బాతు కుదిర్చిన కొలువు

దిమ్యాత్ ఊళ్ళో కుర్చీలకి పువ్వులు చెక్కేవాళ్ళు వీధికి పదిమంది ఉంటారు గానీ, బయ్యూమీ చెక్కితే ఆ పువ్వు మీద తేనెటీగ వాలి మోసపోవాల్సిందే. పనిలో ఆరితేరినవాడని అందరూ 'ఉస్తా' అని పిలిచే ఆ మనిషికి నోరు మాత్రం బొత్తిగా చేతకాదు. ధర ఎంత అని అడిగితే చాలు, "ఉంచండి బాబూ, మన మధ్య డబ్బులేంటి?" అనేస్తాడు.

ఆ ఊళ్ళో అందరూ అనే మాటే అది. మంగలీ అంటాడు, టాక్సీవాడూ అంటాడు. అవతలివాడు కూడదని బతిమాలాలి, వీడు ఇంకోసారి వద్దని, ఆపైన పుచ్చుకోవాలి. ఇంట్లో వస్తువు ఎవరైనా మెచ్చుకున్నా అంతే, "మీదే అనుకోండి" అనాలి, వాళ్ళు వద్దనాలి. మూడోసారి కూడా మీదే అన్నామా, ఇక అది నిజంగా వాళ్ళదే. బయ్యూమీకి రెండు దగ్గర ఆగడం రాదు. పోయిన ఏడాది ఆ ఇంటి గోడగడియారం అలాగే మేనమామ కొడుకు ఇంటికి కాపురానికి వెళ్ళిపోయింది.

అలాంటివాణ్ణి వెతుక్కుంటూ కువైట్ కొలువు వచ్చింది. అక్కడ సోఫాలు చేయించే కార్ఖానా యజమాని బూ జర్రాహ్ అని ఒక పెద్దమనిషి. పనివాళ్ళ కోసం మీ ఊరొచ్చాను, శుక్రవారం నమాజయ్యాక మీ ఇంటికి భోజనానికొస్తాను, జీతం వసతి అన్నీ కూర్చుని మాట్లాడుకుందాం అని కబురు పెట్టాడు.

బయ్యూమీ భార్య ఇన్షిరాహ్ వెంటనే గరిటె పుచ్చుకుని ఎదురుగా కూచుంది.

"జీతం సంగతి తరవాత. ముందు నాకు వీసా, కాపురానికి ఫ్లాటు అడుగు. ఏదీ, నేనే బూ జర్రాహ్‌ని. చెప్పు ఉస్తా, నీకేం కావాలి?"

"తమ దయ. మన మధ్య డబ్బులేం..."

గరిటె నెత్తిమీద పడింది. మెల్లగానే.

"మా చెల్లెలి మొగుడు ఒంటరిగా వెళ్ళాడు. తిరిగొచ్చి సొంత పెళ్ళాన్ని పట్టుకుని 'చెల్లెమ్మా, కాసిని మంచినీళ్ళు' అన్నాడు. నాకా గతి పట్టిస్తే ఊరుకోను నజ్వా నాన్నా!"

నజ్వా వాళ్ళ కూతురు. పెళ్ళయి అత్తారింట్లో ఉంది. ఇంట్లో మిగిలింది వీళ్ళిద్దరూ, ఒక బుట్టా.

చిక్కంతా ఆ బుట్టతోనే. వాళ్ళది నాలుగో అంతస్తు. కింద కాఫీ హోటలు. బయ్యూమీ డామినో పలకలు పేర్చుకుని ఇక గెలిచానురా అనుకునే వేళకి, బాల్కనీ నుంచి తాడు కట్టిన బుట్ట దిగొచ్చి నెత్తిమీద తడుతుంది. "కొత్తిమీర!" అని పైనుంచి కేక. పోయి తెచ్చి వేస్తే పైకెళ్ళి మళ్ళీ దిగుతుంది. "ఇది సోయికూర! కళ్ళెక్కడ పెట్టుకున్నావ్?" వీధంతా నవ్వుతుంది.

ఒక్క ఏడాది. నెత్తిమీద బుట్ట దిగని ఏడాది ఒక్కటుంటే చాలనుకున్నాడు బయ్యూమీ. అందుకని ఒక పన్నాగం పన్నాడు. కుటుంబం రాదు, ఆ ఖర్చు జీతంలో కలపండి అని బూ జర్రాహ్‌తో అనాలి. 'ఆయన ఒప్పుకోలేదే, నేనేం చేసేది' అని ఇంట్లో ఏడవాలి.

గురువారం సాయంత్రం స్నానాల గదిలో గడియ పెట్టుకుని, అద్దం ముందు ఆ ఏడుపు సాధన చేశాడు. ఆ మేడలో స్నానాల గది కిటికీ, వంటింటి కిటికీ ఒకే గాలిగొట్టంలోకి తెరుచుకుంటాయి. ఉల్లిపాయలు తరిగే చప్పుడు కాసేపు ఆగింది. తరవాత ఇంకా జోరుగా సాగింది.

మర్నాడు పొద్దున్నే ఇన్షిరాహ్ బాతు తెప్పించింది.

"కోడి చాలదటే?"

"పెద్దమనిషి వస్తున్నాడు. నీ కొలువు కోసమేగా."

బూ జర్రాహ్ వచ్చి ముందుగదిలో కూర్చున్నాడు. వంటింటి గుమ్మానికి తెర వేసి ఉంది.

"చెప్పు ఉస్తా, ఎంత ఆశిస్తున్నావ్?"

"తమ దగ్గర దాచేదేముంది, మన మధ్య..."

తెర వెనక గరిటె ఠంగుమంది.

"...మన మధ్య మొహమాటం ఎందుకు, మూడొందల దినార్లు!" అన్నాడు బయ్యూమీ. తన నోటి నుంచే వచ్చిందా అని తనే వెనక్కి తిరిగి చూసుకున్నాడు.

కాసేపు బేరం సాగి రెండొందల యాభై దగ్గర కుదిరింది. అప్పుడు బయ్యూమీ ముందుకు వంగి గొంతు తగ్గించాడు.

"నాకొక మంచం చాలండీ. ఇంటావిడ రాదు. ఆ ఖర్చేదో జీతంలో..."

"మంచిది. ఇంకో వంద కలుపుతాను."

పని జరిగిపోయింది. బయ్యూమీ ఎగిరి గంతెయ్యాలి. ఎందుకో తెర వంక చూశాడు. అది కదల్లేదు. గరిటె కూడా మోగలేదు. మళ్ళీ ఇంకోసారి చూశాడు.

ఇంతలో తెర కిందనుంచి పళ్ళెం ముందుకు జరిగింది. కడుపులో ఉల్లిపాయలు, మిరియాలు కూరి, ఎర్రగా కాల్చిన బాతు. బూ జర్రాహ్ ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. తలకట్టు తీసి పక్కన పెట్టాడు.

"ఎవరు వండారిది?"

"మా ఇంటావిడండీ."

"అల్లా ఆ చేతుల్ని చల్లగా చూడాలి! మా కార్ఖానాలో సగం మంది మీ దేశం వాళ్ళే. మా వంటవాడు పెట్టేది తినలేక ఏడుస్తున్నారు. ఆహా, ఏం వంటండీ!"

మెచ్చుకోలు చెవిన పడిందా, బయ్యూమీ నాలుక దానంతటది కదిలింది.

"ఈ వంట మీదే అనుకోండి!"

"అయ్యయ్యో, అంత మాటెందుకు?"

"కాదు కాదు, మీదే!"

"మీకు ఇబ్బంది కదా ఉస్తా."

"ఒట్టు! మీదే!"

మూడోది. బూ జర్రాహ్ వేళ్ళు తుడుచుకున్నాడు.

"మా వైపూ ఇదే మర్యాద. అయితే ఇక కాదనను. ఆవిణ్ణి కూడా తీసుకురా."

తెర పక్కకి జరిగింది. టీ పళ్ళెంతో ఇన్షిరాహ్ వచ్చింది. అప్పటికే తలకి మంచి కండువా కట్టుకుని ఉంది.

"వండటానికి నాకేం అడ్డం లేదు. తరగడానికి ఇద్దరు మనుషులు కావాలి. పండక్కి మా నజ్వాని చూసి రావడానికి టిక్కెట్లు. ఫ్లాటు. ఫ్లాటుకి బాల్కనీ."

"అన్నీ సరే అమ్మా. జీతం నూటయాభై."

"కాస్త గట్టిగా చెప్పండి, నాకు సరిగా వినపడదు."

"రెండొందలు."

"ఈ పొయ్యి దగ్గర నిలబడీ నిలబడీ చెవులు పోయాయి."

"మూడొందలు!"

"ఆ, ఇప్పుడు వినపడింది."

బూ జర్రాహ్ బయ్యూమీ వైపు తిరిగి, "కుటుంబం వస్తోంది కాబట్టి నీకు కలిపిన వంద తీసేస్తున్నాను ఉస్తా" అన్నాడు.

"ఆయన మంచం సంగతి మీకెందుకు లెండి," అంది ఇన్షిరాహ్. "నా ఫ్లాట్లో ఒక మూల వేయిస్తాను."

పెద్దమనిషి మెట్లు దిగి వెళ్ళిపోయాక, ఇన్షిరాహ్ లోపల ఏదో సర్ది వచ్చేదాకా బయ్యూమీ బాతు ఎముకలు ఏరి పళ్ళెంలో పెట్టాడు.

"నీకెలా తెలిసిందే?"

"గాలిగొట్టంలోకి ఏడిస్తే తెలీదూ? బాగానే ఏడ్చావులే. నాకే జాలేసింది."

"కోపం రాలేదూ?"

"వచ్చింది. బాతులో పడ్డ మిరియాలన్నీ ఆ కోపమే. ఆయనకి నచ్చింది." ఆమె కూర్చుని కండువా విప్పింది. "ఒక్కడివీ వెళ్ళి డబ్బా చిక్కుళ్ళు తింటావా? నిద్రలో నీ కాలు పట్టేస్తే ఎవరు రుద్దుతారు?"

బయ్యూమీ నేలకేసి చూశాడు. "ఆ తెర కదలకపోయేసరికి... నాకు ముద్ద దిగలేదే."

"చూశాను. నువ్వు ముక్క ముట్టలేదు. అందుకే టీ ఇచ్చి వెళ్తూ బాతు కాలొకటి తీసి దాచాను."

వంటింట్లోంచి బాతు కాలు వచ్చింది. బయ్యూమీ ఆత్రంగా అందుకున్నాడు. సగం తిన్నాక ఒక అనుమానం తగిలింది.

"ఇన్నీ అడిగి, చివర్న బాల్కనీ కోసం పట్టుబట్టావేమే?"

ఆమె మంచం కింద పెట్టె లాగి మూత తీసింది. అందులో బట్టలింకా ఒక్కటీ పెట్టలేదు. బుట్ట మాత్రం పెట్టింది. దాని తాడుకి బట్టలారేసే తాడు కూడా ముడేసి చుట్టి ఉంది, మొత్తం పాతదానికి రెండింతలు.

"మెట్ల దగ్గర ఆయన్ని అడిగాను," అంది ఇన్షిరాహ్. "మనది ఎనిమిదో అంతస్తట. కింద కాఫీ హోటలు ఉందట."