నలభయ్యో నెంబరు విద్యార్థిని

మాతృభాష మీద సర్కారువారికి అపారమైన ప్రేమ కలిగిందని ఈ వేసవిలో మా ఊళ్లో దండోరా వేశారు. దండోరా ఉర్దూలో వేశారు కాబట్టి ఆ ప్రేమ సంగతి మాకు మూడు రోజుల తర్వాత తెలిసింది.

మా ఊరు రాజోలి దాటినాక తుంగభద్ర ఒడ్డున ఉంది. ఇక్కడి సర్కారీ బడిలో చదువంతా ఉర్దూలోనే. నా మనవరాలు జములమ్మకు ఏడేళ్లు. తల్లి లేని పిల్ల. కిందటేడు నాలుగు రోజులు ఆ బడికి పోయింది. పంతులు కూర్చోమన్నప్పుడు నిలబడి, నిలబడమన్నప్పుడు కూర్చొని, దెబ్బలు తిని వచ్చేసింది. ఏటి అవతల ఇంగ్లీషువారి ఇలాకాలో దాని మేనమామ ఉన్నాడు. "ఈ ఏడన్న బడిల ఏస్తే సరే, లేకుంటే నేనొచ్చి తోల్కపోత. ఈడ తెలుగు బడి ఉంది" అని కబురంపాడు. మా రేవులో ఏరు దాటించే తోలు పుట్టి ఎక్కినవాళ్లను చాలామందినే సాగనంపాను. తిరిగొచ్చినవాళ్లను లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు చాలు, ఇంకా మిగులుతాయి.

అందుకని ఆ దండోరా నాకు ప్రాణం పోసింది.

బడుల తనిఖీ అధికారి నాజరు సాహెబు స్వయంగా వచ్చి వివరించారు. నలభై మంది పిల్లలుంటే తెలుగు తరగతి మంజూరు. ముప్పై తొమ్మిది మందైతే ఆ ఊరికి మాతృభాష లేనట్టే. ఎవరికీ ఎనిమిదేళ్లు దాటకూడదు. తెలుగు కావాలనే దరఖాస్తు ఉర్దూలోనే పెట్టుకోవాలి.

ఆ దరఖాస్తులన్నీ రాసిపెట్టిన మహానుభావుడు వకీలు కురుమూర్తిగారు. తెలుగు కోసం ఆయన పడుతున్న పాట్లు ఈ తాలూకాలో ఎవరూ పడలేదు. "తెలుగు జబాన్ మన హక్కు! దీనికోసం జాన్ ఖుర్బాన్ చేస్త!" అని చావడి ముందు ఆయన గర్జిస్తే నాకు ఒళ్లు పులకరించింది. అర్థం తర్వాత అడిగి తెలుసుకున్నాను.

చేర్పుల రోజు వయసు దగ్గర చిక్కొచ్చింది. సాహెబుకు తెలుగు రాదు కాబట్టి అటు మాటలూ ఇటు మాటలూ వకీలుగారే తర్జుమా చేశారు.

"పిల్లగాడు ఎప్పుడు పుట్టిండు?" అని సాహెబు, కొడుకును తీసుకొచ్చిన సాయమ్మను అడిగారు.

"పెద్దేరు వచ్చినప్పుడు సారూ."

"తారీఖు?"

"ఏటినే అడగాలె."

సాహెబు చిరాకుపడలేదు. గొప్పవాళ్లు చిరాకుపడరు, నిపుణుణ్ణి పిలుస్తారు. ఈ ఊళ్లో వయసు చెప్పగలిగిన అనుభవజ్ఞుడెవరని అడిగారు. అందరూ ఒక్క గొంతుతో నాగన్న పేరు చెప్పారు. నాగన్న పెబ్బేరు సంతలో ఎద్దుల బేరగాడు. నోరు తెరిచి పళ్లు చూశాడంటే పశువు ఏ ఏట పుట్టిందో చెప్పేస్తాడు. ఇరవై ఏళ్లలో ఒక్క బేరం తప్పలేదు. సాహెబు అప్పటికప్పుడు అతణ్ణి వయోనిర్ధారణ అధికారిగా నియమించి, కుర్చీ వేయించారు. నాగన్న కుర్చీలో కూర్చోవడం అదే మొదలు.

"సారూ, ఎద్దుకు మీద ముందటి పళ్లుండవు. వీళ్లకేమో మీద గూడ ఉన్నయి. ఎట్ల?" అన్నాడు.

"కింది పళ్ల కాయిదా మీది పళ్లకూ వర్తిస్తది" అని సాహెబు తీర్పు చెప్పారు.

పని చకచకా సాగింది. నాగన్న దవడ పట్టి నోరు తెరిచేవాడు, వేలితో తడిమేవాడు, "చేర్చుకో" అనేవాడు. అలవాటు కొద్దీ ఇద్దరు ముగ్గురి వీపు కూడా చరిచి చూశాడు. ముప్పై తొమ్మిది మంది అయ్యారు. నలభయ్యో పిల్ల మా జములమ్మ.

నాగన్న నోరు తెరిచి చూసి ఆగిపోయాడు. ముందర మీది పళ్లు రెండు లేవు.

"ముదురు" అన్నాడు నెమ్మదిగా. "పళ్లు రాలినంక సంతల ముట్టరు."

"ఓ నాగన్నా, మొన్నటిదాంక మీ ఇంట్ల ఆడిన పిల్ల గాదురా! నీ బిడ్డకన్నా పది దినాలు చిన్నది గాదు?" అన్నాను.

"నాకు తెల్వదా అవ్వా? గని నోరు చూసి చెప్పమన్నడు సాబు, ముఖం చూసి గాదు. దస్కతు పెట్టిన."

సాహెబు "వయసు మీరినది" అని రాసుకున్నారు. వకీలుగారు చెమట తుడుచుకున్నారు. మర్నాడు విజయోత్సవ సభ ఉంది. పూలదండలు గద్వాల నుంచి బయలుదేరాయి కూడా.

నాకు ఏడుపు ఆగలేదు. నోరంతా తెరిచి ఏడ్చాను. నాగన్న వృత్తిధర్మం కొద్దీ వంగి చూశాడు.

"సారూ! ఈ నోట్ల ఒక్క పన్ను గూడ లేదు!"

"అంటే?"

"రాలితే ఒకటో రెండో మిగులుతయి. అసలుకే లేవంటే..." నాగన్న వకీలుగారి ముఖం చూశాడు. "ఇంకా రాలేదన్నట్టు."

"ఎనిమిదేళ్లు దాటలేదు కదా?"

"పాలు మరిచినట్టే లేదు సారూ."

సాహెబు నలభయ్యో నెంబరు కింద నా పేరు రాసేశారు. వకీలుగారు నా చేతులు పట్టుకున్నారు. "అవ్వా, తెలుగుతల్లిని నిలబెట్టినవ్!"

"నా పేరు కొట్టేసి నా మనుమరాలిని రాయండ్రి బాంచెన్" అన్నాను.

"సర్కారీ రిజిస్టర్ల కొట్టివేత ఉండదు" అన్నారు సాహెబు దయగా.

నాలుగో రోజు మేనమామ వచ్చాడు. జములమ్మ పుట్టి ఎక్కింది. వకీలుగారి అబ్బాయి కూడా అదే పుట్టిలో కర్నూలు ఇంగ్లీషు బడికి వెళ్లాడు. తెలుగు తరగతి మీద కొడుకు భారం పడకూడదని ఆ తండ్రి ఆరాటం. నడి ఏట్లో పుట్టి గిర్రున తిరిగినప్పుడు జములమ్మ ముఖం ఒకసారి నా వైపు వచ్చింది, మళ్లీ అటు తిరిగిపోయింది.

తరగతి గొప్పగా నడిచింది. పంతులుగారు గుల్బర్గా నుంచి వచ్చారు. తెలుగు రాదు కానీ నేర్చుకోవాలన్న ఉత్సాహం మెండు. యుద్ధం మూలంగా కాగితం కరువై పుస్తకాలు రాలేదు. వారం తిరిగేసరికి పిల్లలంతా గొడ్ల వెంట పోయారు. నేను పోలేదు. పోతే ఇంట్లో ఎవరున్నారు? పొద్దున్నే ఆయన "నలభై!" అని పిలిచేవారు. "హాజిర్ జనాబ్" అనేదాన్ని.

రెండు నెలలకు సాహెబు తనిఖీకి వచ్చారు. వకీలుగారు వెంట ఉన్నారు. ఏదైనా చదవమన్నారు. నేను చిన్నప్పుడే పొట్లాలు కట్టిన కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కొని చదువు నేర్చుకున్నాను. కానీ చదవడానికి బడిలో తెలుగు కాగితం ఒక్కటీ లేదు. పుట్టి నడిపే బయన్న తెచ్చిచ్చిన చీటీ రొంటిన ఉంటే తీశాను. జములమ్మ చెబుతుంటే మేనమామ రాసిన చీటీ అది.

"అవ్వా, ఈడ బడి మంచిగుంది. పంతులు చెప్పేది తెలుస్తది. దెబ్బలు లేవు. రేవుకాడికి రోజు వస్త, నువ్వు కనపడవు..."

"బస్, బస్!" అన్నారు సాహెబు. "ఏమంటున్నది?"

"హుజూర్ వారి బడి మంచిగుందట, దెబ్బలు లేవట" అని వకీలుగారు ఉర్దూలో చెప్పారు.

సాహెబు ఆనందానికి మేర లేదు. ఇంత చిన్న వయసులో, రెండే నెలల్లో, ఇంత ధారాళంగా చదివించిన తరగతి రాజ్యంలోనే లేదన్నారు. ఆశయం నెరవేరింది కాబట్టి తెలుగు తరగతిని రేపటి నుంచి మూసేయవచ్చని అక్కడికక్కడే హుకుం రాశారు. వకీలుగారు చప్పట్లు కొట్టారు. పంతులుగారూ కొట్టారు. విద్యార్థులందరి తరఫున నేనూ కొట్టాను.

సాహెబు ఆపమనడంతో చీటీలో చివరి మాట చదవకుండా ఉండిపోయింది.

"అవ్వా, నా ముందటి పళ్లు రెండు వచ్చినయి. నాగన్న మామకు చూపిస్తే ఇప్పుడు రానిస్తరా?"