రెండంకె మహాసంగ్రామము

మధ్యాహ్నమార్తాండుడు కిటికీ అద్దములను కాల్చుచుండగా, మూడు రెక్కల ఫ్యాను ఒక రెక్కకు సరిపడు గాలిని మాత్రమే ప్రసాదించుచుండగా, విశ్వవిద్యాలయపు రెండవ అంతస్తున చరిత్ర విద్యార్థిసేన బెంచీలపై బారులు తీరి కూర్చుండెను. ఆనాటి రణము సామాన్యమైనది కాదు. వ్యాసములపై గురువులు వ్రాయు వ్యాఖ్యలు విద్యార్థులకు ఏమాత్రము అక్కరకు వచ్చుచున్నవో కొలుచుటకై ప్రశ్నపత్రములు పంచిరి. ప్రతి వాక్యము క్రిందను ఒకటి మొదలు ఐదు వరకు అంకెలు. ఒకటి యనగా బొత్తిగా కాదు. ఐదనగా ముమ్మాటికి అవును. పేరు వ్రాయనక్కరలేదని పైన అచ్చులో అభయమిచ్చిరి. కాని ఆ అభయమును పంచిపెట్టి, వెనుక చేతులు కట్టుకొని మదగజమువలె వరుసల నడుమ తిరుగుచున్నది ఆ వ్యాఖ్యలు వ్రాసిన మాస్టారే.

ఇక సేన పరాక్రమమేమని చెప్పుదును! ప్రశ్న చదివినవాడు లేడు. పైనుండి క్రిందికి ఐదుల చుట్టును సున్నలు చుట్టి, అందరును బస్సు వేళకై చెవులు రిక్కించిరి.

ఒక్కతె మాత్రము చుట్టలేదు. పసివాడిని అత్తగారికి అప్పగించి వచ్చిన ఆ చిన్నతల్లి, పెళ్లితో తెగిన చదువును ముడివేసి మరల పట్టుకొన్న ధీరురాలు. పాలు కాచితినా, గ్యాసు కట్టివేసితినా, మందుసీసా పిల్లవాడికి అందకుండ పెట్టితినా అని గడియకొకమారు గుండె జారు చింతాకులచిత్త. ఆమె వ్యాసము తప్పినది. సోమవారమునాటికి తిరిగి వ్రాసి ఇయ్యవలెను; అదియును తప్పినచో చదువు మానుమని భర్త మెల్లగానే చెప్పియుండెను. తప్పిన వ్యాసముపై మాస్టారి వ్యాఖ్య ఒక్కటే: ‘ఇంకా లోతు కావాలి.’ ఆ లోతు కొరకు ఆమె పుటలు పెంచి చూచెను, కఠినపదములు చొప్పించి చూచెను. లోతు దొరకలేదు.

ఇప్పుడు ఏడవ వాక్యము మహాదుర్గమై అడ్డు నిలిచెను: ‘వ్యాఖ్య చదివాక ఏం చేయాలో నాకు తెలిసింది.’

పక్కనున్న పిల్ల గొంతు తగ్గించి, “అక్కా, ఐదు కొట్టెయ్. ఆయన ఇటే వస్తున్నాడు, ఎందుకొచ్చిన గొడవ?” అనెను.

ఐదంకె బొజ్జ నిమురుకొనుచు రమ్మని పిలిచెను. రెండంకె మెడ వంచి దీనముగా చూచెను. అంతలో సంచిలో ఫోను రణభేరివలె గురగురలాడెను. వీరమాత ఆత్రముగా తీసి చూడగా అది అత్తగారి సందేశము: బుడ్డోడు పడుకున్నాడు, కంగారుపడకు. అంతట కొండంత బలము పుంజుకొని, కలమనెడి గదను ఎత్తి, రెండు చుట్టును సున్న చుట్టెను.

కాగితముపై నీడ పడెను.

“ఏమ్మా, రెండేనా?” అనెను మాస్టారు.

ఆమె లేచి నిలిచెను. “లోతు కావాలన్నారు సార్. ఎక్కడ తవ్వాలో చెప్పలేదు. ఇది కూడా పోతే ఇంట్లో ఇంక పంపరు.”

మాస్టారు వ్యాసమడిగి, బెంచీ అంచున కూలబడి, కళ్లజోడు సవరించుకొని మొదటినుండి చదివెను. ఇంత నెమ్మదిగా ఆయన ఎవరి వ్యాసమును చదువుట ఆ సేన ఎన్నడును చూచి యెరుగదు. చివరకు ఒక వాక్యము ప్రక్క ఆయన కలము ఆగెను.

“ఇదిగో. రైతులు ఊరొదిలి పోయారని రాసి ఊరుకున్నావు. ఎందుకు పోయారు? పన్నులా, కరువా? అది రాయి.”

“అంతేనా సార్?”

“అంతే.” ఆయన, “ఇదే అప్పుడు రాయాల్సింది నేను,” అని, ప్రశ్నపత్రము వైపు చూచి, “మరిప్పుడు ఎంత?” అనెను.

వీరమాత ఏడవ వాక్యమును మరల చదివెను. “మూడు సార్.”

“ఐదు కాదా?”

“రాసి చూశాక చెప్తాను.”

వెనుక బెంచీనుండి ఒక గొంతు, తనకు ఇంకొక ఖాళీ ప్రశ్నపత్రము కావలెనని మెల్లగా అడిగెను. తరువాత మరియొకటి. చేతులు లేచుచునే యుండెను. బస్సు వచ్చెను, పోయెను, కదిలినవాడు లేడు. మాస్టారు క్రొత్త కాగితములు పంచెను.

దిక్కులు పిక్కటిల్ల చాటుచున్నాము: ఆనాడు ఆ చిన్నతల్లి రెండును కొట్టివేసి, మూడు చుట్టును, కొంచెము వంకరయైనను, ఒక సంపూర్ణమైన సున్న చుట్టెను!