ఉమ్మడి సెలవు దిగ్విజయం

అఖండ వైఫై తరంగాలు నలుదిక్కులా ప్రసరించే శుభవేళ, సూర్యుడు మూడో అంతస్తు కిటికీ ఊచల నడుమ నుంచి కిరణఖడ్గాలు దూస్తుండగా, ఉతికిన బట్టల గుట్ట గిరిశిఖరమై శోభిల్లే ఇరుకు పడకగదిలో, పెళ్లయి నెల తిరగని ఇల్లాలు, ఆసుపత్రి నర్సు, సూదిమందుధారిణి, తన సెల్‌ఫోనును విల్లులా ఎత్తిపట్టింది.

ఏమి ఆ రణకారణం? ఆమె డ్యూటీలు ఆసుపత్రి యాప్‌లో ఉన్నాయి. రొట్టెల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరైన భర్తవి ఇంకో యాప్‌లో. ఆ రెండూ ఎడమొహం పెడమొహం. ఇద్దరికీ కలిసొచ్చే ఒక్క సెలవు వెతికి, సాయంత్రం ఐదులోగా పై అధికారులకు చెప్పకపోతే, వచ్చే నెలంతా ఆ నవదంపతులు గుమ్మంలో ఎదురుపడి తాళంచెవి మార్చుకోవడంతోనే సరి!

"నా ఫైలు పంపా, నీ దాంట్లో కలుపుకో," అన్నాడు రొట్టెవీరుడు.

"కలిపేశా! నాదీ పంపేశా, చూడండి."

హా! అనురాగాంధుల అనర్థం! ఆమె పంపినది అతని షిఫ్టులు కూడా కలిసిన క్యాలెండరు. అతడు దాన్ని తనదాంట్లో కలిపి, సాయం చేద్దామని తిరిగి పంపాడు. ఆమె మళ్లీ కలిపింది. ఒక్కో డ్యూటీ ద్విగుణమై, త్రిగుణమై, ఎవరిదేదో తెలియని ఎర్రగడుల అక్షౌహిణి తెరను ముట్టడించింది.

"ఏమండీ, పదో తారీఖున నేను పొద్దున వార్డులో ఉన్నా, సాయంత్రం పిండి కలుపుతున్నా!"

"నేను రాత్రికి ఇంజెక్షన్లు చేస్తున్నా. పాపం, ఆ పేషెంట్లు!"

గుమ్మంలో ఆడపడుచు కిసుక్కున నవ్వింది. "వదినా, గోడకి క్యాలెండరుంది. పెన్సిల్ ఇవ్వనా?"

"ఓ ఆడపడుచు శిరోమణీ! డిగ్రీ చదివిన ఈ చేయి, ప్రాణమున్నంతవరకూ పెన్సిలుకు దాసోహమనదు!" అని గర్జించి, గడియారం వంక చూసి, "ఏదీ, ఇలా పడెయ్," అంది.

ఫ్యాక్టరీ పంపిన అసలు ఫైలు తెరిచి అతడు ఎలుగెత్తి చదవగా, ఆమె గోడ క్యాలెండరు మీద సున్నాలు చుట్టింది. తనవీ చుట్టింది. ఐదు కొట్టబోతుండగా, ఉదయపు సగాన సున్నా సోకని నిష్కళంక గడి ఒకటి సాక్షాత్కరించింది.

"ఇరవై రెండు! కానీ మధ్యాహ్నం దాకానేనండీ, తర్వాత నాకు డ్యూటీ."

"సగం రోజే! ఎంత బావుందో!"

"నేనూ వస్తా," అంది ఆడపడుచు.

"నీ క్యాలెండరు పంపు, కలిపి చూస్తాం!" అన్నారిద్దరూ ఏకకంఠంతో.

ఐదు కొట్టకముందే పై అధికారులకు కబురు చేరగా, భేరీలకు బదులు కుక్కరు కూయగా, రెండు యాప్‌లు తలవంచగా, అరిగిన పెన్సిలు ముక్క విజయధ్వజమై జడలో నిలవగా, నెలరోజుల రణభూమిలో ఒక్క పూట సామ్రాజ్యం ఆ దంపతుల వశమైంది!