మార్కుల్లో మాదే పైచేయి

థార్న్‌బీ కాలేజీ చదువుల్లో ఎంతో ఎత్తుకు ఎదిగిపోయిందనీ, ఆ ఎత్తు నుంచి దిగివచ్చి పక్క ఊళ్ళ కాలేజీలతో ఫుట్‌బాల్ ఆడటం ఇక భావ్యం కాదనీ కాలేజీ ప్రెసిడెంట్ డాక్టర్ ఎల్స్‌వర్త్ పింక్నీ గారు నవంబరు మొదటి సోమవారం ప్రకటించారు. ఏడాది పొడుగునా తమలో తాము ఆడుకుని, తమలో తామే కప్పులిచ్చుకునే కాలేజీల గుంపుని అమెరికాలోని అయోవా రాష్ట్రంలో కాన్ఫరెన్స్ అంటారు. థార్న్‌బీ తన పాత కాన్ఫరెన్స్‌కి సెలవు చెప్పి, ఉద్దండ పండితుల కాలేజీలు ఎనిమిదింటితో వెలసిన లేక్‌లాండ్ స్కాలర్స్ కాన్ఫరెన్స్‌లో చేరబోతోందిట. మన చదువు ఎంత లోతో స్వయంగా చూసేందుకు ఆ కాన్ఫరెన్స్ నుంచి డీన్ వినిఫ్రెడ్ కోల్ గారు శనివారం సెయింట్ ఆల్డ్రిక్ కాలేజీతో జరిగే ఆటకి వేంచేస్తున్నారు. లోతు చూడటానికి లైబ్రరీకి రాకుండా స్టేడియానికి ఎందుకు వస్తున్నారని ఎవరూ అడగలేదు. పెద్దవాళ్ళ రాకపోకలకి కారణాలడగడం ఆ ఊళ్ళో మర్యాద కాదు.

సెయింట్ ఆల్డ్రిక్‌ని థార్న్‌బీ గెలిచి పంతొమ్మిదేళ్ళయిందన్న సంగతి ప్రకటనలో లేదు. అలాంటి చిల్లర విషయాలు ప్రకటనల్లో ఉండవు.

ఆ సంగతి బాగా గుర్తున్న మనిషి ఆర్లిస్ వాండర్‌మీర్. వయసు అరవై ఎనిమిది. విత్తనాల కొట్టు అమ్మేసి విశ్రాంతిగా ఉన్నాడు. ఇరవయ్యేడేళ్ళుగా థార్న్‌బీ స్టేడియంలో మైకు ముందు కూర్చుని స్కోరు చెప్పేది ఆయనే. భార్య వెర్నా అన్నగారు డ్యుయేన్ మాత్రం సెయింట్ ఆల్డ్రిక్‌లో చదివాడు. ఆ కాలేజీ ఇరవై రెండు మైళ్ళ దూరంలో ఉంది. పంతొమ్మిదేళ్ళుగా బావ వెక్కిరింపులు భరిస్తున్న ఆర్లిస్‌కి, కన్నుమూసేలోగా ఒక్కసారి ఆ కాలేజీ ఓడిపోయిందని తన నోటితో మైకులో చెప్పాలని కోరిక. కాన్ఫరెన్స్ మారితే ఆ ఆటే ఉండదు. అంటే ఉన్నది ఈ ఒక్క శనివారమే.

గురువారం పొద్దున నోరా హోటల్లో డ్యుయేన్ రెండో కప్పు కాఫీ పోయించుకుంటూ మొదలుపెట్టాడు.

"ఏం బావా, మమ్మల్నొదిలేసి పెద్ద చదువులోళ్ళ దగ్గరికి వెళ్ళిపోతున్నారంట?"

"మా స్థాయి అట్లా పెరిగింది బావా. మేమేం చేస్తాం."

"పోయినేడు మేం నలభై రెండు, మీరు సున్నా. ఆ స్థాయేనా?"

"స్కోరు సంగతి సరే. మావాళ్ళ మార్కుల సగటు నాలుక్కి మూడు పాయింట్ నాలుగు. మీవాళ్ళది మూడు కూడా దాటలేదు."

"అయితే ఆ మూడూ ఆ నాలుగూ కూడా మీ స్కోర్లో వేసుకోండి. ఏడవుతుంది. ఇంకో ముప్పై అయిదు ఎక్కడ్నుంచి తెస్తారు?"

పక్క బల్ల దగ్గర ఆపిల్ పై ముక్క తింటున్న లోయిస్ మేడం తలెత్తింది. ముప్పై నాలుగేళ్ళు హైస్కూల్లో లాటిన్ చెప్పిన మనిషి. చలికి దుప్పటి కప్పుకుని అయినా ప్రతి ఆటకీ వస్తుంది.

"డ్యుయేన్, నీకు లాటిన్‌లో నేనెన్ని మార్కులేశానో గుర్తుందా?"

"కాఫీ తాగేటప్పుడు అవన్నీ ఎందుకు మేడం," అన్నాడు డ్యుయేన్.

ఆర్లిస్ నవ్వాడు గానీ లోపల కుతకుత ఉడుకుతున్నాడు. మార్కుల సగటు చెప్పి బావ నోరు మూయించడం పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా కుదరలేదు. ఓడిపోయిన వాడి పాండిత్యం ఎవడికి కావాలి?

శుక్రవారం పింక్నీ గారు స్వయంగా స్టేడియానికొచ్చి ఆర్లిస్ ఉండే మైకు గదిలో కూర్చున్నారు. ఆయన దూరదృష్టి గురించి ఎంత చెప్పినా తక్కువే. పాత ప్రెసిడెంట్లు జట్టు ఎలా గెలుస్తుందా అని బుర్ర బద్దలుకొట్టుకునేవారు. గెలవకుండానే గొప్పవాళ్ళం కావచ్చని కనిపెట్టింది ఈయనే.

"ఆర్లిస్ గారూ, రేపు స్కోరు చెప్పిన ప్రతిసారీ వెంటనే రెండు జట్ల మార్కుల సగటు కూడా చెప్పాలి."

"ముందు ఏది చెప్పమంటారు సార్?"

"మార్కులే. స్కోరంటే ఉత్త అంకె. మార్కులంటే సంస్కృతి."

"మరి మార్కులూ అంకెలే కదండీ?"

పింక్నీ గారు ఆ ప్రశ్నని క్షమించారు. "ఇంకోటి. హాఫ్‌టైమ్‌లో బాండు మేళం ఉండదు. మన కుర్రాళ్ళు మైదానం మధ్యలో బల్లలేసుకుని యూరప్ చరిత్ర పరీక్ష రాస్తారు. డీన్ గారు కళ్ళారా చూడాలి."

"మరి కోచ్ గారు హాఫ్‌టైమ్‌లో కుర్రాళ్ళతో మాట్లాడాలి కదా సార్?"

"ఆయన పంతొమ్మిదేళ్ళుగా మాట్లాడుతూనే ఉన్నారు," అన్నారు పింక్నీ గారు.

శనివారం మధ్యాహ్నం ఆట మొదలైంది. కోతలైపోయిన మొక్కజొన్న చేల మీంచి గాలి కత్తిలా కోస్తోంది. ప్రెసిడెంట్ గారి గది మైకు గదికి ఆనుకునే ఉంటుంది, మధ్యలో ఉన్న అద్దం కిటికీ సరిగ్గా మూసుకోదు. అందువల్ల డీన్ కోల్ గారి విద్యా పరిశీలన అంతా ఆర్లిస్ చెవిన పడింది.

"ఆ ముందు వరసలో కుర్రాడున్నాడే, అతను తత్వశాస్త్రమండీ," అన్నారు పింక్నీ గారు.

"ఎంత బరువుంటాడు?"

"నూట అరవై పౌండ్లేనండీ. ఆ వరసలో అందరికంటే బక్కవాడు."

"చాలా సంతోషం," అని డీన్ గారు నోటు పుస్తకంలో రాసుకున్నారు. "ఆ పక్కవాడు?"

"గణితం. బంగారు పతకం."

"వేగంగా పరిగెత్తుతాడా?"

"లేదండీ. వాడికి ఉబ్బసం."

డీన్ గారు దాన్నీ రాసుకుని కింద గీత కూడా గీశారు. మన విద్యాప్రమాణాలు ఆవిడకి నచ్చాయని ఆర్లిస్‌కి అర్థమైపోయింది. ఇక ఈ ఆట పోయినట్టేనని ఆయన మనసు చివుక్కుమంది.

అమెరికా ఫుట్‌బాల్లో బంతిని చేత్తో పట్టుకుని అవతలి గీత దాటించాలి. సెయింట్ ఆల్డ్రిక్ అలా ఏడు పాయింట్లు కొట్టింది, మళ్ళీ ఏడు, ఆపైన ఇంకో రెండు. ఎదుటివాళ్ళు స్కోరు చేసినప్పుడల్లా థార్న్‌బీ అభిమానులు నిశ్శబ్దంగా లేచి నిలబడి, జేబులోంచి లైబ్రరీ కార్డు తీసి పైకెత్తి చూపిస్తారు. మీరు బంతి తీసుకుపోండి, మా దగ్గర పుస్తకాలున్నాయని దాని భావం. లోయిస్ మేడం కార్డు అన్నేళ్ళుగా ఎత్తీ ఎత్తీ అంచులు అరిగిపోయింది. ఆర్లిస్ చెప్పవలసింది చెప్పాడు: "మార్కుల సగటు, థార్న్‌బీ మూడు పాయింట్ నాలుగు, సెయింట్ ఆల్డ్రిక్ రెండు పాయింట్ తొమ్మిది. ఇతర అంకెలు, సున్నా, పదహారు."

హాఫ్‌టైమ్‌లో నలభై నాలుగు బల్లలు మైదానంలోకి వచ్చాయి. కుర్రాళ్ళు హెల్మెట్లు కాళ్ళ దగ్గర పెట్టుకుని రాయడం మొదలుపెట్టారు. చరిత్ర ప్రొఫెసరు మంచివాడు. మూడో ప్రశ్న కష్టంగా ఉందని పావుగంట ఎక్కువ టైమిచ్చాడు. సెయింట్ ఆల్డ్రిక్ వాళ్ళు అంతసేపూ గట్టు మీద కూర్చుని, చేతులు నలుపుకుంటూ గడ్డకట్టుకుపోయారు. కోచ్ టకెట్ గారికి తన వ్యూహం చెప్పే అవకాశమే దొరకలేదు. ఆయన నోరు తెరిచినప్పుడల్లా ప్రొఫెసరు ష్ అన్నాడు.

ఆ తర్వాత జరిగిన దానికి ఎవరూ సిద్ధంగా లేరు. సెయింట్ ఆల్డ్రిక్ వాళ్ళకి వేళ్ళు కొంకర్లు పోయి బంతి పట్టు చిక్కలేదు. జారవిడిచిన బంతిని ఉబ్బసం కుర్రాడు ఎత్తుకుని, వెనక ఎవరూ తరమకపోవడంతో నింపాదిగా వెళ్ళి గీత దాటాడు. ఏడు, పదహారు. స్టేడియం బిత్తరపోయింది. మనవాళ్ళు స్కోరు చేస్తే ఏం చెయ్యాలో ఆనవాయితీ లేదు. కొందరు అలవాటు కొద్దీ లైబ్రరీ కార్డులెత్తి, తప్పు తెలుసుకుని జేబులో పెట్టుకున్నారు. పది నిమిషాల తర్వాత మళ్ళీ అదే జరిగింది. పధ్నాలుగు, పదహారు.

పక్క గదిలో డీన్ గారు నోటు పుస్తకం మూసేశారు.

"మీవాళ్ళు ఎప్పుడూ ఇలాగే ఆడతారా?"

"లేదండీ," అన్నారు పింక్నీ గారు. "ఒట్టేసి చెబుతున్నాను, లేదు."

ఆయన మైకు గదిలోకి వచ్చినప్పుడు ఆ చలిలో కూడా నుదుటి మీద చెమట ఉంది.

"ఆర్లిస్ గారూ, స్కోరు కాస్త నెమ్మదిగా చెప్పండి."

"ఎవరిది సార్?"

"మనది. వాళ్ళది గట్టిగానే చెప్పండి."

ఆటలో ఇంక నాలుగు సెకన్లే ఉన్నాయి. బంతిని కాలితో కొట్టి రెండు కమ్మీల మధ్యగా పంపితే మూడు పాయింట్లు. కొట్టాల్సినవాడు ఓరిన్ అనే కెమిస్ట్రీ కుర్రాడు. పింక్నీ గారు గబగబా ఒక చీటీ రాసి ఆర్లిస్ ముందు పెట్టారు. ఓరిన్‌కి మూడున్నరకి ల్యాబు ఉందనీ, వెంటనే మైదానం వదిలి రావాలనీ దాని సారాంశం.

"ఇప్పుడే చదవండి. చదువు తర్వాతే ఏదైనా అని డీన్ గారు వినాలి."

ఇరవయ్యేడేళ్ళలో ఆర్లిస్ తన ముందు పెట్టిన ఏ చీటీనీ చదవకుండా వదల్లేదు. తప్పిపోయిన పిల్లలవీ, లైట్లు వెలుగుతున్న కార్లవీ, పోయిన కట్టుడు పళ్ళవీ కూడా చదివాడు. ఇదీ చదవకపోతే కొలువు పోతుంది. చదివితే ఆట పోతుంది. చీటీ చేతిలోకి తీసుకున్నాడు. కళ్ళద్దాలు తీశాడు. నోటితో ఆవిరి పెట్టి, చొక్కా కొసతో ఒక అద్దం తుడిచాడు. వెలుతురుకి పెట్టి చూసి, రెండో అద్దం అంతకంటే శ్రద్ధగా తుడిచాడు.

"ఏం చేస్తున్నారండీ?"

"అక్షరాలు ఆనట్లేదు సార్. వయసు కదా."

కింద కాలికి బంతి తగిలిన చప్పుడైంది. బంతి ఎడమ కమ్మీని రాసుకుని లోపలికి పోయింది.

ఆర్లిస్ అద్దాలు పెట్టుకుని చీటీ ఒక్క అక్షరం పొల్లుపోకుండా చదివాడు. జనం భుజాలమీదున్న ఓరిన్ కిందకి దూకి, ఆట దుస్తుల్లోనే ల్యాబుకి పరిగెత్తాడు. అలాంటి క్రమశిక్షణ గల కాలేజీ అది. తర్వాత ఆర్లిస్ స్కోరు చెప్పాడు. థార్న్‌బీ పదిహేడు, సెయింట్ ఆల్డ్రిక్ పదహారు. రెండోసారి చెప్పాడు, మూడోసారీ చెప్పాడు. మార్కుల సగటు చెప్పడం మర్చిపోయాడు. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతుంటే తుడుచుకోవాలని కూడా అనిపించలేదు. అంత ఆనందం ఆయన ఎరగడు.

మంగళవారం డీన్ గారి ఉత్తరం వచ్చింది. థార్న్‌బీ విద్యాసంస్కృతి తమ ప్రమాణాలకు ఇంకా అందలేదనీ, ఈ లోటు ముఖ్యంగా హాఫ్‌టైమ్ తర్వాతి మూడో క్వార్టర్ నుంచి కొట్టొచ్చినట్టు కనిపించిందనీ అందులో ఉంది. నిఖార్సయిన విద్యాసంస్కృతి గల సెయింట్ ఆల్డ్రిక్ కాలేజీని కాన్ఫరెన్స్‌లోకి ఆహ్వానించినట్టు కింద రాసి ఉంది.

పింక్నీ గారు అదే సాయంత్రం మరో ప్రకటన ఇచ్చారు. థార్న్‌బీ తన పాత స్నేహాలని ఏ ఎత్తుల కోసమూ వదులుకోదు. విద్యాప్రమాణాల పునరుద్ధరణకి ఒక కమిటీ వేశారు. దాని మొదటి నిర్ణయంగా, హాఫ్‌టైమ్ పరీక్షలు రద్దు చేసి కోచ్ గారి ప్రసంగాన్ని పావుగంట పొడిగించారు.

వచ్చే ఏడు సెయింట్ ఆల్డ్రిక్‌తో ఆట ఉండదు. ఎవరు పోయినా ఆట పోవడమే. గెలుపు నోట్లో ఇంకా తీపిగానే ఉంది గానీ, ఇకమీదట ఎవరి ముందు చప్పరించాలో తెలియక ఆర్లిస్‌కి రెండు రోజులు అన్నం సయించలేదు. నూరు మాటలు సిద్ధం చేసుకుని గురువారం నోరా హోటల్‌కి వెళ్ళాడు.

డ్యుయేన్ అప్పటికే కూర్చుని ఉన్నాడు. ఓడిపోయిన మొహం కాదది. బల్లమీద ఎనిమిది ఉత్తరాలు విసనకర్రలా పరిచాడు.

"చూడు బావా. కాన్ఫరెన్స్‌లో చేరి రెండ్రోజులు కాలేదు. ఎనిమిది కాలేజీలూ రాసేశాయి. పాత స్టూడెంట్లంతా ఊరికి తిరిగొచ్చే హోమ్‌కమింగ్ పండగ రోజున, అందరికీ మాతోనే ఆడాలంట. ఏ రోజు ఎవరికివ్వాలో తేల్చలేక మావాళ్ళు తలలు పట్టుకుంటున్నారు. ఎంత గౌరవమో చూశావా?"

ఆర్లిస్ ఉత్తరాలు ఒక్కొక్కటే చదివాడు. పాత విద్యార్థులు భార్యాపిల్లలతో దిగి, కడుపునిండా తిని, తమ జట్టు గెలుపు చూసిన సంతోషంలో చందాలు రాసిచ్చి వెళ్ళాల్సిన రోజున ఏ కాలేజీ అయినా ఎలాంటి జట్టుని పిలుచుకుంటుందో ఆయనకి బాగా తెలుసు. థార్న్‌బీని పంతొమ్మిదేళ్ళుగా ఊరూరా అందుకే పిలిచేవారు. పక్క బల్ల దగ్గర లోయిస్ మేడం ఫోర్కు కింద పెట్టి ఆర్లిస్ వైపు చూసింది. సిద్ధం చేసుకున్న నూరు మాటలూ నాలుక చివరే ఉన్నాయి. డ్యుయేన్ ఆ ఉత్తరాల అంచులు సరిచేసి, కాఫీ మరక పడకుండా కప్పు దూరంగా జరిపాడు.

"ఏంటి బావా, మాటలేదు? కుళ్ళుగా ఉందా?"

"ఉండదా మరి," అన్నాడు ఆర్లిస్. "నోరా, మా బావకి ఒక ఆపిల్ పై పట్టుకురామ్మా. డబ్బులు నా లెక్కలో వెయ్యి."