పెదపాడు డివైడరు విజయము

కొల్లేటి కొంగలు సాక్షిగా, గూడెం రైసుమిల్లుల పొగగొట్టములు సాక్షిగా, రెండవ పంటయగు దాళవా నాట్లు ముగిసి రైతునకు సభలకు పోవు తీరిక దొరకిన మాసమున, శుక్లపక్షమో కృష్ణపక్షమో చూచుకొనువాడు లేని ఒకానొక మంగళవారమున, భోజనానంతరము, తాడేపల్లిగూడెమునందలి ఒక కల్యాణమండపమున, ప్రాంతీయ రహదారుల ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్య ముసాయిదా బిల్లుపై ప్రజాభిప్రాయ సేకరణ యను మహాసంగ్రామము మొదలయ్యెను.

బిల్లు సారాంశ మిది. రోడ్డు కంపెనీ వేయును. టోలు ముప్పది యేండ్లు కంపెనీ తీసికొనును. డివైడరులో ఎచ్చటెచ్చట ఖాళీ విడువవలెనో ఒప్పందములో ముందే వ్రాయుదురు. వ్రాసిన పిదప ఆ సిమెంటు గోడను ఒక్క జానెడు కదపవలెనన్నను కంపెనీ ఒప్పుకొనవలెను. కావున ఖాళీ కావలసినవారు ఈ సభలోనే లేచి, మైకు పట్టి, నోటితో అడుగవలెను. అడుగనిది వ్రాయరు.

రెండవ వరుసలో, ఫ్యాను క్రింద, పెదపాడు మండల భూషణుడు, ఏరేటరుధ్వజుడు, వల వేసి పట్టి అమ్ము నాటి వరకు మత్స్యకుల సంరక్షకుడు అగు ఈశ్వరప్రసాదు ఆసీనుడై యుండెను. ఇల్లు రోడ్డునకు ఈవల, చేపల చెరువు ఆవల. తెల్లవారుజామున నీటిలో గాలి తగ్గి చేపలు పైకి తేలి నోళ్ళు తెరచినపుడు, అతడు లుంగీ ఎగగట్టి రోడ్డు దాటి పరుగెత్తి నీటికి గాలి కొట్టు ఏరేటర్లు వేయును. ఖాళీ లేకున్న, ఏలూరు పొలిమేర దాక పోయి తిరిగి రావలెను. అంతసేపు చేప ఆగదు.

అడుగవలసినది ఒక్క వాక్యము. అయినను వీరుడు జంకుచుండెను. ఏలయన అతని శత్రువు కంపెనీ కాదు, సర్కారు కాదు. ఉగ్గుపాలతో వంటబట్టిన మర్యాద. బస్సెక్కువేళ అందరికి దారి యిచ్చి బస్సును పోగొట్టుకొన్న చరిత్ర అతనిది. ఆ సంగతి అతనికిని తెలియును. వీరపత్ని భాగ్యశ్రీకి మరింత తెలియును. ప్రొద్దున ఆమె తిలకమునకు మారుగా ఒక మాట చెప్పి పంపెను.

"ఏవండీ, మొన్న పెళ్ళి భోజనాల్లో మీరు కూర్చోండి, మీరు కూర్చోండి అంటూ మూడో బంతి దాకా నన్నూ నిలబెట్టేశారు. ఇవాళైనా ముందు మీరడిగేయండి."

నిబంధనల పఠనమును, కొందరి విన్నపములును ముగిసెను. సభ నడుపుచున్న ఇంజనీరు సిల్వియా గారు, సాయంత్రము పెళ్ళివారికి హాలు అప్పగింపవలసి యున్నదని తెలిపి, ఇంకెవరైన ఉన్నారా యని అడిగిరి. మైకు చేతులు మారి ఈశ్వరప్రసాదును చేరెను. అతడు గదాధారివలె లేచెను. లేచి, వెనుకకు చూచెను. అదియే చేసిన తప్పు. వెనుక వరుసలో, చిన్ననాడు తనకు ఎక్కములు నేర్పిన దేవసహాయం మాస్టారు కూర్చుండి యుండిరి.

"మాస్టారండీ, ముందు మీరు కానివ్వండి."

"అబ్బే, లేచింది నువ్వు. నువ్వే కానియ్యవయ్యా."

"పెద్దవారు మీరుండగా నేనెలాగండీ?"

అంతట ఘోరయుద్ధము చెలరేగెను. ఇతడు మైకును రెండుచేతుల త్రోయును. ఆయన రెండుచేతుల మరల్చును. ఇతడు వంగును, ఆయన అంతకన్న వంగును. సభాసదులు ఎవరు గెలుతురో యని మెడలు సాచిరి. పెళ్ళిపందిరివారు లోపలికి వచ్చి వెనుక వరుసనుండి కుర్చీ మీద కుర్చీ పేర్చసాగిరి. ప్రక్క వరుసలో కూర్చున్న నవాబుపాలెం మంగాయమ్మకు ఓర్పు నశించెను.

"ఏవండీ, మీరిద్దరూ తేల్చుకునేలోగా ఆ రోడ్డేసేసి టోలు కూడా తీసేసుకుంటారండి."

హాలు గొల్లుమనెను. సిల్వియా గారు ఫైలు మూయుచుండిరి. అప్పుడు ఈశ్వరప్రసాదు తన అంతరంగమున ఇట్లు గర్జించెను: "ఓరీ వినయశిఖామణీ! నీ మర్యాదకు మెచ్చి చేప ఊపిరి బిగబట్టునా? నీవు వంగిన కొలది సిమెంటు గోడ ఎత్తు తగ్గునా? లెమ్ము, ఈ ఒక్క పూటకు మొరటువాడవు కమ్ము!"

ఇంత గర్జన పైకి వచ్చుసరికి చిన్నదయ్యెను. "మేడమ్, మాస్టారు ఏమీ అనుకోకపోతే, ముందు నేనే అడుగుతానండి. మా చెరువు కాడ డివైడర్లో కాస్త దారి వదలండి. తెల్లారగట్ల చేప తేలితే దాటాలండి."

సిల్వియా గారు పటము చూచిరి. "అక్కడ మలుపుందండి. వ్యాను పట్టేంత కుదరదు. మనిషీ, సైకిలూ దాటేంత రాసుకుంటాను." వ్రాసికొనిరి.

ఈశ్వరప్రసాదు చెమట తుడుచుకొని మైకును వెనుకకు సాచెను.

"ఇప్పుడు మీరండీ, మాస్టారు."

"నాకు అడగాల్సిందేం లేదయ్యా," అనిరి దేవసహాయం మాస్టారు. "నువ్వు ఇస్తుంటే ఊరికే తీసేసుకుంటే బాగోదని, తిరిగి ఇస్తున్నాను."

వీరుడు మండపము వెలుపలికి వచ్చి, బంతిపూల బుట్టల నడుమ నిలిచి, ఫోనున విజయవార్త వినిపించెను. భాగ్యశ్రీ చేపల వ్యాను పట్టునా యని అడిగెను. పట్టదనెను. సైకిలు పట్టుననెను.

"మనకి సైకిలెక్కడిదండీ?"

విందురుగాక! ముప్పది యేండ్లు చలింపక నిలువనున్న ఆ సిమెంటు మహాప్రాకారమున, సైకిలు హ్యాండిలు కొంచెము ప్రక్కకు త్రిప్పిన ఒక్క మనిషి పట్టునంతటి సందును బాహుబలము లేక, సైన్యము లేక, ఒక్క అమర్యాదతో సాధించిన పెదపాడు ఈశ్వరప్రసాదు, ఆ సాయంత్రమే సైకిళ్ళ కొట్టు వెదకుచు గూడెం బజారున ప్రవేశించెను.