పసుపు మూట

హోసూరులో పాత్రల అంగడి నడిపే హనుమంతయ్య ఆ ఆదివారానికి వేసుకున్న పథకం చాలా సులువైనది. కృష్ణగిరికి పోవాలి, కొడుకు శ్రేయస్‌కు పిల్లను చూడాలి, కేసరి తినాలి, "ఇంటికి పోయి చెప్తాము" అని లేచి రావాలి. ఇంతకుముందు వచ్చిన సంబంధాలన్నీ ఆయన ఇలాగే నానబెట్టి చెడగొట్టాడు. ఈసారి శ్రేయస్ ఫోటో చూసే మనసు పారేసుకున్నాడు. నాన్న నోరు ఎలా కట్టాలో తెలియక పొద్దుటినుంచి ఇల్లంతా తిరుగుతున్నాడు.

బిందైనా చెంబైనా వేళ్లతో తట్టి చూడనిదే హనుమంతయ్య నమ్మడు. ఆ అలవాటు కొద్దీ బయల్దేరేముందు చొక్కా ఇస్త్రీ చేసుకోబోతూ ఇస్త్రీపెట్టె వేడెక్కిందో లేదో కూడా తట్టి చూశాడు. వేడెక్కింది.

కేక విని భార్య తార పరుగెత్తుకొచ్చి టూత్‌పేస్ట్ పూసింది. "పేస్టుతో ఏమవుతాదిరా," అంటూ ఆయన అక్క సుబ్బక్క దానిమీద పసుపూ నూనే మెత్తింది. పక్కింటివాళ్లు కాఫీపొడి తెచ్చారు. వద్దంటే నొచ్చుకుంటారని అదీ చల్లారు. చొక్కా మీద కారకుండా తార తెల్ల తువ్వాలుతో చేతిని మూటకట్టింది.

"నీళ్ల కింద పెట్టింటే పోయేది గదా నాన్నా," అన్నాడు శ్రేయస్.

"నీళ్లు తగిలితే బొబ్బలొస్తాయి, నువ్వు ఊరుకో," అంది సుబ్బక్క.

కృష్ణగిరి దారిలో కుందారపల్లి దాటేసరికి తువ్వాలంతా పచ్చగా నానింది. లోపల వేలు ఉబ్బి ఉంగరం బిగుసుకుంటోంది.

పిల్ల తాత శ్రీరంగప్ప గడపలోనే ఎదురొచ్చాడు. పసుపు గుడ్డ మూట కనపడగానే చెప్పులు విడిచాడు. ఏడుకొండలవాడికి మొక్కుకుని కట్టిన ముడుపు అనుకున్నాడు పాపం.

"తిరుపతికా అప్పా?"

నొప్పికి పళ్లు బిగబట్టిన హనుమంతయ్య తల ఎటు ఊపాడో ఆయనకే తెలియదు.

"సంబంధం కుదరాలని ముడుపు కట్టుకొని వచ్చినారు, చూడండి," అని ఇంట్లోవాళ్లకు చాటి, శ్రీరంగప్ప ఆ మూటను రెండు చేతులా పట్టుకుని కళ్లకు గట్టిగా అద్దుకున్నాడు.

హనుమంతయ్య పెట్టిన కేకకు వీధిలోవాళ్లు తొంగి చూశారు. వంటింట్లోంచి కాఫీలు తెస్తున్న పెళ్లికూతురు స్మిత పళ్లెం కింద పెట్టింది. ఆమె హోసూరులోనే ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తుంది, అక్కడ ప్రథమ చికిత్స నేర్పారు.

"కాలిందా అంకుల్? ఎప్పుడు?"

"గంట దాటిందమ్మా, బయల్దేరేముందు."

ఆమె ఆయన్ను పెరట్లో కొళాయి దగ్గరికి నడిపించి మూట విప్పింది. "చల్లనీళ్లు ఇరవై నిమిషాలు పడాల. పేస్టూ పసుపూ పెట్టరాదు, ఐసూ పెట్టరాదు. తర్వాత శుభ్రమైన గుడ్డ వదులుగా కట్టి డాక్టరుకు చూపిస్తాము. ముందు ఆ ఉంగరం తీయాల."

"జోస్యుడు చెప్పి పెట్టించినాడమ్మా, తీయకూడదు."

"వేలు బాగుంటేనే గదా అంకుల్ ఉంగరం."

పేస్టు, పసుపు, కాఫీపొడి వరుసగా తూములోకి పోయాయి. మంట తగ్గుతుంటే హనుమంతయ్యకు ప్రాణం లేచొచ్చింది. తట్టి చూడకుండానే ఒక మనిషిని నమ్మడం ఆయనకు అదే మొదలు.

నీళ్లలో మెల్లగా తిప్పగా ఉంగరం జారి వచ్చింది. "ఇది యాడ పెట్టేది అంకుల్?"

"నీ దగ్గరే పెట్టుకోమ్మా," అన్నాడు ఆయన, హాయిగా కళ్లు మూసుకుని.

తడి చేతుల్లోంచి జారిపోతుందని స్మిత దాన్ని తన వేలికి తొడుక్కుంది. సరిగ్గా అప్పుడే శ్రీరంగప్ప పెరట్లోకి వచ్చాడు.

"ఉంగరం పెట్టేసినారు," అని లోపలికి కేకేశాడు. "తాంబూలం తెండి."

హనుమంతయ్య ఉలిక్కిపడి నోరు తెరిచాడు. "ఇంటికి పోయి..."

"ఇంకా పది నిమిషాలు ఉండాది, కదలొద్దు మామా," అంది స్మిత.

అంకుల్ కాస్తా మామ అయ్యాడు. గుమ్మంలో నిలబడ్డ శ్రేయస్ నాన్నకు రెండు చేతులూ జోడించాడు. హనుమంతయ్య వాడి ముఖం చూశాడు, చల్లబడిన తన చెయ్యి చూసుకున్నాడు, సంతోషంగా నోరు మూసుకున్నాడు. సుబ్బక్క అందరికంటే ముందు కేసరి అందుకుంది.

మరుసటి నెల, ఎవరూ కట్టని ఆ ముడుపు చెల్లించడానికి రెండు కుటుంబాలూ కలిసి తిరుపతికి పోవాల్సి వచ్చింది.