ముందు ఆత్మపరిశీలన, తర్వాత పాఠం

ఆరు నెలల్లో ఆటోనగర్ కార్మికులందరి చేతా ఇంగ్లీషు చదివిస్తామని మంత్రిగారు ప్రకటించిన సభలో నేనూ ఉన్నాను, చప్పట్లు కొట్టాను. ఆ వేదిక మీదే నన్నూ మరో నలభై మందినీ ‘భాషామిత్ర’లుగా నియమించారు. సెంటరుకొకరం. చదువు చెప్పించడం ఏ ప్రభుత్వమైనా చేస్తుంది. మా ప్రభుత్వం ప్రతి భాషామిత్రకూ ఒక బోధనా డైరీ పెట్టింది. పాఠం ఎలా సాగిందో, మా లోపమేమిటో రోజూ ఫోన్‌లో యాప్‌కెక్కించాలి. డైరీలో ఎవరి పేరు కనిపిస్తే వాళ్లను యాప్ ఆ సెంటరు విద్యార్థిగా రాసుకుంటుంది.

మా ప్రాజెక్టు ఆఫీసరు కనకరత్నం గారు దూరదృష్టి గల మనిషి. క్లాసు సాయంత్రం ఆరింటికి. డైరీకి గడువు ఐదున్నర.

“పాఠం చెప్పకముందే ఎలా సాగిందో ఎలా రాస్తామండీ?” అన్నాను.

“ప్లానింగ్ లేదా మీకు? ఆరింటికి మంత్రిగారికి రిపోర్టు వెళ్లాలి. మీ పాఠం అయ్యేదాకా ఆయన్ని ఆపమంటారా?”

ఆ సాయంత్రం నుంచే చెప్పని పాఠం గురించి రాయడం మొదలుపెట్టాను.

కనీసం మూడు వందల పదాలుండాలి. నచ్చకపోతే ‘లోతు చాలదు’ అని యాప్ తిప్పి పంపుతుంది. ఏడింటిలోగా తిరగరాయాలి. ఏడింటికి క్లాసు అయిపోతుంది. నాది రోజూ తిరిగొచ్చేది.

నా సెంటర్లో చిట్టెమ్మ ముందు వరసలో కూర్చునేది. పంపుల వర్క్‌షాపులో ఊడుస్తుంది. మెషీన్ల మీది ఇంగ్లీషు హెచ్చరిక బోర్డులు శుక్రవారం చదివిస్తానని, రాని వాళ్లను పనిలో ఉంచనని కొత్త మేనేజరు చెప్పాడు.

“ఏటి మాస్టారూ, నాలుగు రోజులై వత్తన్నాను. ఆ ఫోనుకే సెప్తన్నారు, నాకేటీ సెప్పరా?”

“ఒక్క నిమిషం చిట్టెమ్మా, నీ గురించే రాస్తున్నాను.”

“నా గురించి రాయడం కాదు బాబూ, నాకు సదవడం సెప్పండి.”

గురువారం ఉన్నదున్నట్టు రాశాను. ‘డైరీ రాయడం వల్ల ఈ వారం పాఠం జరగలేదు. చిట్టెమ్మకు ఒక్క బోర్డూ చదవడం రాదు. తప్పు నాది.’ మూడు వందల పదాలు కావాలి గనక అదే ఇరవై రెండుసార్లు పెట్టాను. యాప్ మొదటిసారి ఒప్పుకుంది.

పాఠం మొదలుపెట్టబోతుంటే కనకరత్నం గారు స్వయంగా ఫోన్ చేశారు. ఉద్యోగం పోయిందనుకున్నాను.

“అద్భుతమండీ! ఎంత లోతు! మోడల్ డైరీగా అన్ని సెంటర్లకూ పంపేస్తున్నా.”

“అది నిజంగానే జరిగిందండీ.”

“అదే కదా! చదువుతుంటే నిజంగా జరిగినట్టే ఉంది!”

ఆ మెచ్చుకోలు ఏడింటిదాకా సాగింది. శుక్రవారం చిట్టెమ్మ వర్క్‌షాపులో ఎర్ర హెచ్చరిక బోర్డు ముందు నిలబడింది. నిలబడే ఉంది. మేనేజరు సోమవారం దాకా గడువిచ్చాడు. అదే రోజు మిగతా నలభై సెంటర్లూ మోడల్ డైరీని అక్షరం మార్చకుండా ఎక్కించాయి. పేరైనా మార్చలేదు.

శనివారం ఆ డైరీలన్నీ చదివి మంత్రిగారు చలించిపోయారు. బోర్డు చదవలేని వాళ్లకోసం ఆదివారం రోజంతా స్పెషల్ క్లాసు, అదీ డైరీ లేకుండా, అని ప్రకటించారు. ఆదివారం చిట్టెమ్మను నేనే వెంటబెట్టుకుని వెళ్లాను. కంప్యూటర్ దగ్గర పేర్లు నమోదు చేసే రోజారమణి గారు పేరు కొట్టి చూశారు.

“ఈమెను చేర్చుకోలేం సార్. ఇప్పటికే నలభై ఒక్క సెంటర్లలో చదువుతోంది. రూలు ప్రకారం మనిషికి ఒకటే.”

చిట్టెమ్మ నా వైపు తిరిగింది.

“నలభై ఒక్క సోట్ల సెప్పినా రాలేదంటే, నాకే బుర్ర నేదేటి మాస్టారూ?”